తొమ్మిదో రోజు ఎదురు నడక

పోస్ట్‌మాన్ రిటైరై ఎనిమిదేళ్ళయింది గానీ, ఆ కబురు ఆయన కాళ్ళకి ఇంకా అందలేదు. నాలుగున్నర కొట్టేసరికి అవి లేచి కూచుంటాయి. వాటితో పాటు మిగతా మనిషీ లేవక తప్పదు. ఆ రోజూ అలాగే లేచి, సత్రం హాల్లో వరసగా పడుకున్న పాతికమందినీ దాటుకుంటూ వెళ్ళి మొహం కడుక్కొచ్చి, బావమరిది అరికాలి మీద వేలితో గీరాడు.

"ఏరా, లేస్తావా, నెత్తిన నీళ్ళు పొయ్యనా?"

"ఐదు నిమిషాలు బావా."

"నీ ఐదు నిమిషాలు నాకు తెలీవూ? గడియారాలు బాగుచేసేవాడికి టైమంటే భయం లేకపోవడం నీ దగ్గరే చూశాను."

బావమరిదిది గడియారాల కొట్టు. నలభై ఏళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకుని స్టూలు మీద కూచున్న మనిషి. ఇంటి నుంచి కొట్టుకీ, కొట్టు నుంచి ఇంటికీ నడిచే నాలుగడుగులే అతని వ్యాయామం. పొట్ట కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అలాంటివాడు పది రోజుల కాలినడక యాత్రకి బయల్దేరాడంటే వీధిలో ఒక్కరూ నమ్మలేదు. మొదటి రోజే కాళ్ళు బొబ్బలెక్కాయి. మూడో రోజుకి బొటనవేలి గోరు నల్లబడింది. అయినా ఇంటికి పోదామన్న మాట అతని నోట రాలేదు. వస్తే బాగుండునని పోస్ట్‌మాన్ రోజూ లోలోపల కోరుకుంటూనే ఉన్నాడు.

ఎందుకంటే బావమరిది నడుస్తున్నది పుణ్యం కోసం కాదు. పదో రోజు క్షేత్రంలో నిలబడి, చనిపోయిన అక్కని క్షమాపణ అడగడం కోసం. అక్క తన మీద కోపంతోనే పోయిందని అతని నమ్మకం. ఆ అక్క పోస్ట్‌మాన్ భార్య. ఆవిడకి తమ్ముడి మీద కోపం లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన నోరు మూసుకుని తొమ్మిది రోజులుగా పక్కనే నడుస్తున్నాడు.

కథ ఇరవై రెండేళ్ళ కిందటిది. మొదలైంది చిన్న విషయంతోనే. పోస్ట్‌మాన్ చేతి గడియారం ఆగిపోతే బావమరిది బాగుచేసి ఇచ్చాడు. వారం తిరక్కుండా అది ఇరవై నిమిషాలు వెనకబడింది, అదీ సరిగ్గా ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున. ఆలస్యంగా వచ్చినందుకు మెమో చేతికొచ్చింది. ఆ కాగితం పట్టుకుని పోస్ట్‌మాన్ నేరుగా కొట్టుకెళ్ళి, వచ్చినవాళ్ళందరి ముందూ నానా మాటలూ అన్నాడు. బావమరిది భూతద్దం కూడా తియ్యకుండా, "గడియారం బాగానే నడుస్తోంది బావా, నడక మందగించింది నీకే," అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఇంకేమన్నా పోస్ట్‌మాన్ దులిపేసుకునేవాడు. బావా బావమరుదులన్నాక ఆటపట్టించుకోకుండా ఉంటారా. కానీ ఎండనక వాననక రోజుకి ఇరవై కిలోమీటర్లు తిరిగే మనిషిని పట్టుకుని నడక మందగించిందంటే తల కొట్టేసినట్టయింది. ఆ రోజుతో రాకపోకలు బంద్.

ఆరు నెలలు చూసి చూసి భార్య ఒక కవరు అంటించి ఆయన చేతికిచ్చింది. "తమ్ముడికి. కొట్టు మీ బీట్లోదే కదా, వెళ్తూ ఇచ్చేయండి," అంది. ఇద్దామనే వెళ్ళాడు. కొట్టు దగ్గరికి వచ్చేసరికి బావమరిది ఎవరితోనో నవ్వుతున్నాడు. తన గురించే నవ్వుతున్నాడనిపించి ఒళ్ళు మండింది. రేపిద్దాంలే అనుకుని వీధికి ఆ పక్కనుంచి వెళ్ళిపోయాడు. రేపు కాస్తా వారమైంది. ఆలస్యానికి ఏం చెప్పాలో తోచక వారం నెలైంది. "ఇచ్చారా?" అని ఆవిడ అడిగితే "ఇచ్చాను" అన్నాడు. "ఏమన్నాడు?" అంటే "ఏమీ అనలేదు" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆవిడ జ్వరంతో ఆసుపత్రిలో చేరి ఐదో రోజుకల్లా పోయింది. కబురు తెలిసి బావమరిది పరుగున వచ్చి, అక్క కాళ్ళ దగ్గర కూలబడి, "ఒక్క ముక్క రాయలేకపోయావా అక్కా, అంత కోపమా నా మీద?" అని గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. పోస్ట్‌మాన్ అక్కడే, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు చెప్పలేనివాడు ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? పైగా బావమరిది పాత గొడవ మనసులోంచి తుడిచేశాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం కొట్టు మూసి మరీ వచ్చి, ఒంటిగా ఉన్న బావతో రెండు పూటలా తిని, ఇంట్లో గడియారాలన్నిటికీ కీ ఇచ్చి వెళ్తున్నాడు. అతను అలా మంచిగా ఉన్నకొద్దీ ఈయన నోరు మరింత గట్టిగా మూసుకుపోయింది. ఉత్తరం మాత్రం చింపలేదు, తెరవలేదు. చింపడం, తెరవడం ఆయన ఉద్యోగంలో లేవు. పంచకపోవడం కూడా లేదు, కానీ అది చేసేశాడు.

ఇప్పుడది ఆయన వీపు సంచి అడుగున, ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఇవాళ సాయంత్రం సత్రం చేరేలోపు చెప్పెయ్యాలని లేస్తూనే నిశ్చయించుకున్నాడు. రేపు అతను చెయ్యని తప్పుకి అక్కడ చేతులు జోడించి నిలబడితే, అది చూసి బతకడం తన వల్ల కాదు.

బయల్దేరే ముందు యాత్రికులంతా సత్రం గుమాస్తా బల్ల దగ్గర తమ నడక పుస్తకాల మీద ఆ మజిలీ ముద్ర వేయించుకోవాలి. పోస్ట్‌మాన్ ఆ ముద్ర చూసి పెదవి విరిచాడు.

"సగమే పడింది బాబూ. స్టాంపు అలా అద్దకూడదు, మణికట్టుతో కొట్టాలి. ఇటివ్వండి."

"ముద్ర మేమే వెయ్యాలండీ," అన్నాడు గుమాస్తా విసుగ్గా.

"పోనీలే బావా, సగం ముద్రకి సగం పుణ్యం రాదా ఏంటి," అని బావమరిది చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

దారి కాలవ గట్టు వెంబడి పడమరకి. అటు పొలాలు, ఇటు నీళ్ళు, మధ్యలో బండి పట్టేంత మట్టిబాట. కిలోమీటరుకొక తెల్లరాయి, దాని మీద నల్ల అంకె. క్షేత్రం ఇంకా ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది. పోస్ట్‌మాన్ రాళ్ళని గడువు కింద వాడుకున్నాడు. వచ్చే రాయి దగ్గర చెబుదాం అనుకునేవాడు. రాయి వచ్చేది. నోరు పెగిలేది కాదు. ఈ రాయి ఎండలో ఉంది, నీడలో ఉన్న రాయి దగ్గర చెబుదాం అనుకునేవాడు. నీడలో ఉన్న రాయి దగ్గర ఎవరో కూచుని బూట్లోంచి ఇసక దులుపుకుంటూ ఉండేవారు. అలా పదకొండు రాళ్ళు గడిచిపోయాయి. గడియారం వెనకబడిందని ఒకప్పుడు నలుగురిలో నానా యాగీ చేసిన మనిషి ఈయనేనంటే నమ్మబుద్ధి కాదు.

పన్నెండో రాయి దగ్గర ఒక రిటైరైన నర్సమ్మ కలిసింది. ఒంటరిగా, చేతికర్ర పోటు వేసుకుంటూ నెమ్మదిగా నడుస్తోంది. బావమరిది కుంటడం చూసి, ఆపి, బూటు విప్పించి, బొబ్బకి పట్టీ వేసింది.

"ఈ కాలితో ఇంతదూరం వచ్చారా? ఇంట్లోవాళ్ళు ఎలా పంపించారండీ?"

"అక్కతో పని ఉందండీ," అన్నాడు బావమరిది. "చివర్లో కోపంగా పోయింది. ఎలాగైనా మంచి చేసుకోవాలి."

"మీ అక్కగారికి ఈ కాలు చూపిస్తే చాలు, కోపం పోతుంది," అని నవ్వి, "మీరు పదండి, నా నడకతో మీకు కుదరదు, నేను కాసేపు కూచుని బయల్దేరి రాత్రికి దారిలో ఊళ్ళోనే ఆగుతాను," అంటూ వాళ్ళని ముందుకు పంపేసింది.

పోస్ట్‌మాన్ మొహం అటు తిప్పుకుని కాలవలో నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు. చెప్పడానికి అంతకంటే మంచి అదును దొరకదు. ఆ అదునూ నీళ్ళతో పాటే పోయింది.

మరో ఆరు కిలోమీటర్ల అవతల యాత్రికుల కోసం వేసిన రేకుల షెడ్డుంది. అటూ ఇటూ రెండు వాకిళ్ళు, లోపల రెండు సిమెంటు బల్లలు. సంచుల్లోంచి రొట్టెలూ పళ్ళూ తీసుకుని తిన్నారు. నీళ్ళ సీసాలు ఖాళీ చేశారు. తిన్నాక చెబుదాం అనుకున్నాడు పోస్ట్‌మాన్. ఈలోపు బావమరిది బల్ల మీద వాలి గుర్రుపెట్టాడు. నిద్రపోతున్నవాణ్ణి లేపి మరీ గుండెలో పోటు పొడవడం ఎందుకని తనూ కాస్త నడుం వాల్చాడు.

ఆయన చేసిన తప్పు ఆ నిద్ర తర్వాతే జరిగింది. ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచినవాడు తప్ప ఇంకెవరూ అలాంటి తప్పు చెయ్యరు. పోస్ట్‌మాన్ జన్మలో ఒకే వైపు నడిచిపోయిన రోజు లేదు. పొద్దున బరువు సంచితో వెళ్ళడం, మధ్యాహ్నం ఒక చెట్టు కిందో అరుగు మీదో తిని కునుకు తియ్యడం, తేలికైన సంచితో వచ్చిన దారినే ఇంటికి తిరగడం. ఈ యాత్రలో ఇన్నాళ్ళూ మధ్యాహ్నం పూట నిద్రపోలేదు కాబట్టి బతికిపోయాడు. ఇవాళ దొరికిపోయాడు. లేచి సంచి భుజాన వేసుకున్నాడు. తిండి, నీళ్ళు అయిపోయి అది తేలిగ్గా ఉంది. ఇక కాళ్ళు ఆయన్ని అడగలేదు. వచ్చిన వాకిట్లోంచే బయటికి నడిచి, తూర్పుకి, ఇంటివైపు తిరిగాయి. ఆయన బుర్ర నిండా ఉత్తరమే ఉంది గనక పట్టించుకోలేదు. బావమరిది కళ్ళు నులుముకుంటూ వెనకాలే వచ్చాడు.

కాసేపటికి బావమరిది అడిగాడు. "రాళ్ళ మీద అంకెలు లేవేంటి బావా?"

"సున్నం కొట్టినవాడు మీద పూసేసి ఉంటాడు. నడు."

మళ్ళీ ఇంకో రాయి దగ్గర, "దీని మీదా లేదు," అన్నాడు.

"ఆ సున్నంవాడే దీనికీ కొట్టాడు," అన్నాడు పోస్ట్‌మాన్, ఈసారి మాట మొదలెట్టాలని గొంతు సవరించుకుంటూ. అంకెలు ఉండేది క్షేత్రానికి వెళ్ళేవాళ్ళకి కనిపించే మొహం మీదేననీ, తాము చూస్తున్నది రాళ్ళ వీపులనీ ఆయనకి తట్టలేదు.

గంట నడిచారు. ఎదురుగా ఒక చేతికర్ర, దాని వెనక నర్సమ్మ కనిపించింది. వీళ్ళని చూసి ఆగిపోయింది.

"మీరేంటి, ఎదురొస్తున్నారు? ఏమైనా మర్చిపోయారా?"

పోస్ట్‌మాన్ నిలువునా నీరుగారిపోయాడు. ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు. పొద్దున కర్రలతో కట్టిన చిన్న వంతెన ఒకటి దాటారు. అది ఎదురుగా, వందడుగుల్లో ఉంది. నాలుగు కిలోమీటర్లు వెనక్కి వచ్చేశారు.

"ఆఁ, మర్చిపోయామండీ," అని ఎలాగో అన్నాడు. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సత్రం గేటు ఆరున్నరకే మూస్తారని గుర్తుచేసి, కర్ర పోటు వేసుకుంటూ వెళ్ళిపోయింది.

తిడతాడేమోనని పోస్ట్‌మాన్ చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. బావమరిది గట్టు మీద కూచుని, నెప్పి కాలుని రెండు చేతులతో ఎత్తి ఇంకో మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకు ముందే తేడాగా అనిపించింది బావా. పొద్దున ఎండ వీపు మీద ఉంది. ఇప్పుడూ వీపు మీదే ఉంది. అలా ఉండకూడదు కదా."

"మరి చెప్పి ఏడవచ్చు కదరా!"

"నువ్వు పోస్ట్‌మాన్‌వి. నువ్వు దారి తప్పుతావా అనుకున్నాను. ఎండే తప్పనుకున్నాను," అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక పోస్ట్‌మాన్ ఇంక ఆగలేకపోయాడు. అతని పక్కన కూచోలేదు. నిలబడే, నేల చూస్తూ చెప్పేశాడు. అక్క ఉత్తరం రాసింది, నా చేతికిచ్చింది, నేను నీకివ్వలేదు. ఇచ్చానని మీ అక్కతో అబద్ధం చెప్పాను. నువ్వేమన్నావని అడిగితే ఏమీ అనలేదన్నాను. నీ మీద దానికి కోపం లేదు. నాకే. చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అని ఇరవై రెండేళ్ళు భయపడ్డాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

 బావమరిది కాలు మోకాలి మీద నుంచి దించి కింద పెట్టాడు.

"ఏమీ అనలేదన్నావా?"

"అన్నాను."

"అంటే అక్క ఉత్తరం రాసి, నేను జవాబివ్వలేదనుకుని పోయింది."

పోస్ట్‌మాన్‌కి ఇది కొత్త. తన తప్పుని ఇన్నేళ్ళూ బావమరిది వైపు నుంచే చూసుకున్నాడు. భార్య వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. కింద కూచున్నాడు. సంచి అడుగుకి చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరు విప్పి ఉత్తరం చాచాడు. బావమరిది దాన్ని అందుకోలేదు.

"నువ్వే చదువు."

"నీదిరా. నేను తెరవకూడదు."

"చదువు రానివాళ్ళకి ఎంతమందికి చదివి పెట్టలేదు? నాకు ఇప్పుడు కళ్ళు కనబడటం లేదు. చదువు."

నిజంగానే అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి. పోస్ట్‌మాన్ కవరు అంచు జాగ్రత్తగా చింపాడు. ఒకటే కాగితం, ఒకవైపే రాసి ఉంది. గుండ్రటి, పెద్ద అక్షరాలు. గొంతు సవరించుకుని, ఉద్యోగంలో చదివినట్టే చదవడం మొదలెట్టాడు.

"తమ్ముడూ, నువ్వు బాగున్నావా. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. ఆరు నెలలైంది, ఇక చాలు. మీ ఇద్దరూ చిన్నపిల్లల కంటే అన్యాయంగా తయారయ్యారు. గురువారం నీకు కొట్టు సెలవే కదా, పొద్దున్నే ఇంటికి రా. గోడ గడియారం ఆగి నెలైంది. ఆయన నీ దగ్గరికి తేరు, ఇంకొకరికి ఇవ్వరు. టైము తెలియక ఆయన అన్నం పెట్టమని ఎప్పుడు పడితే అప్పుడు అరుస్తున్నారు."

ఇక్కడిదాకా బాగానే చదివాడు. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"ఆపావేం? ఉన్నదంతా చదువు."

"ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే రేపే నీకు చేరుతుంది. కానీ ఆయన చేతికే ఇస్తున్నాను. ఇచ్చేటప్పుడు ఆయన నీ మొహం చూడాలి కదా. చూస్తే ఊరికే ఉండలేరు, నాకు తెలుసు. ఆయన కోపం గుమ్మం దాకానే. నువ్వు ఏమైనా అంటే మాత్రం నవ్వుతూ అను. ఇట్లు, అక్క."

చదవడం అయిపోయింది. పోస్ట్‌మాన్ కాగితం మడవబోయాడు. బావమరిది దాన్ని తీసుకుని, తన అలవాటు కొద్దీ కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఆ రోజుల్లో గురువారాలు నాకు తోచేది కాదు," అన్నాడు. "కొట్టు సెలవైనా వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుని లోపలే కూచునేవాణ్ణి. వీధికి ఆ పక్కనుంచి నువ్వు వెళ్ళడం కనిపించేది."

తర్వాత లేచి, పడమరకి తిరిగి నడవడం మొదలెట్టాడు. పోస్ట్‌మాన్ కూడా లేచాడు. పక్కన నడవడానికి మనసొప్పక నాలుగడుగులు వెనకే ఉన్నాడు. అంకెలున్న రాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. దారిలో నర్సమ్మని దాటేటప్పుడు ఆవిడ ఏదో అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేసింది. రేకుల షెడ్డు వచ్చింది, ఆగలేదు. పదమూడు కిలోమీటర్లు, ఒక్క మాట లేదు. ముందు నడిచే మనిషి కుడికాలు ఎత్తి వేసిన ప్రతిసారీ భుజం ఒక పక్కకి వంగుతోంది. ఆ భుజాన్నే చూస్తూ నడిచాడు పోస్ట్‌మాన్. సంచి ఇస్తే మోద్దామనిపించింది. అడిగే హక్కు తనకుందో లేదో తెలియలేదు.

సత్రం కావలి మనిషి గేటుకి గొలుసు పెడుతూ ఉండగా చేరారు. కాస్త గొణిగి లోపలికి రానిచ్చాడు. హాల్లో పక్కపక్కన ఉన్న రెండు మంచాలే మిగిలాయి. బావమరిది ఒక మంచం మీద కూచుని బూట్ల లేసులు విప్పడానికి వంగాడు. పొట్ట అడ్డొచ్చి అందలేదు. ఎనిమిది రోజులుగా ఆ లేసులు విప్పుతున్నది పోస్ట్‌మానే, వెక్కిరిస్తూ. ఇవాళ ఏమీ అనకుండా కింద కూచుని ముడులు విప్పాడు. పట్టీ రక్తంతో తడిసి ఉంది. బావమరిది కాలు వెనక్కి తీసుకోలేదు, అలాగని ఆయన వైపు చూడనూ లేదు.

"తొమ్మిది రోజులు నడిచొచ్చాను. రేపు అక్కడికెళ్ళి నేనేం అడగాలిప్పుడు?" అన్నాడు చివరికి. బావా అనలేదు. గట్టు మీద ఉత్తరం విన్న దగ్గర్నుంచీ అనలేదు.

"నువ్వేమీ అడగక్కర్లేదు. అడగాల్సింది నేను."



"అడుగు మరి. నేను పక్కనే నిలబడతాను. మనసులో అనుకుంటే కుదరదు, నాకు వినపడేలా అడుగు," అన్నాడు బావమరిది.